గోడకు దుప్పట్లు

గోడకు జ్వరం వచ్చింది.

ముందుగా కనిపెట్టింది బూడిద మేడం. పొద్దున్నే సైటుకు వచ్చి, భుజం మీది బ్యాగు కూడా దించకుండా ఆ గోడ దగ్గరికే వెళ్లింది. కాంక్రీటులోంచి బయటికి వేలాడుతున్న సన్నటి వైర్లను చేతిలోని మీటరుకు ఒక్కొక్కటే తగిలించింది. గోడ పోసేటప్పుడే ఆ వైర్లను లోపల పెట్టించింది ఆమే. లోపల ఎంత వేడి ఉందో అవి చెబుతాయి. కింది వైరు నలభై ఎనిమిది డిగ్రీలంది. ఆమె లెక్క ప్రకారం అంతే ఉండాలి.

పై వైరు అరవై రెండంది.

మీటరును అరచేత్తో తట్టింది. వైరు ఊడదీసి మళ్లీ తగిలించింది. నమ్మకం చాలక, దాని పక్కనే తోడుగా పెట్టిన ఇంకో వైరును తగిలించి చూసింది. అదీ అరవై రెండే. ఆమె చూస్తుండగానే అంకె మారి అరవై మూడైంది.

మామూలు గోడ అయితే ఆమె ఇంత కంగారు పడేది కాదు. ఇది ఆసుపత్రి కొత్త భవనంలో క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే గది గోడ. ఆ మిషన్లోంచి వచ్చే కిరణాలను బయటికి పోకుండా ఆపేది కాంక్రీటు మందం ఒక్కటే. అందుకే మనిషి అడ్డంగా పడుకున్నా పట్టేంత మందంగా ఈ గోడ కట్టారు. అంత మందంలోనూ ఒక్క చీలిక అటునుంచి ఇటు దాకా వచ్చిందంటే గోడ పనికిరాదు. కూలగొట్టాలి. మిషన్ అప్పటికే దిగి, చెక్కపెట్టెలో ఆసుపత్రి గోడౌనులో ఉంది. గోడ కూలిందంటే ఆ పెట్టె ఇంకో ఏడాది తెరవరు.

"ఏంటి మేడం, గోడకి సెలైన్ ఎక్కిస్తున్నారా?"

వెనకనుంచి తొందర సారు. ప్రాజెక్ట్ మేనేజరు. టీ చల్లారేదాకా ఆగలేక అందులో మంచినీళ్లు కలుపుకుని తాగే మనిషి కాబట్టి సైటంతా ఆయనకు ఆ పేరు పెట్టింది. ఆయనకూ తెలుసు, పట్టించుకోడు.

"పై సగం వేడెక్కుతోంది సార్. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ."

"నేను ముందే మొత్తుకున్నానా లేదా? బూడిద పొయ్యొద్దు, పొయ్యొద్దు అని!"

"బూడిద పోస్తే వేడి తగ్గుతుంది సార్. పోసిందే అందుకు."

"తగ్గిందా మరి?"

ఆమె మళ్లీ మీటరు వైపు చూసింది.

నిజానికి అది బూడిద కాదు. స్లాగ్. ఇనుము కరిగించే కొలిమిలో పైకి తేలే తెట్టు. ఎర్రగా మరుగుతున్న ఆ తెట్టును నీళ్లతో గబుక్కున చల్లార్చి మెత్తగా మరపడితే తెల్లటి పిండి వస్తుంది. సిమెంటు కానిదేదైనా కూలీలకు బూడిదే. మొదట్లో ఆమె ఒక్కొక్కరినీ సరిదిద్దేది. తర్వాత తనకే ఆ పేరు వచ్చి పడ్డాక ఊరుకుంది.

ఆ పిండి చేసే పని చూసి ఆమె చదువుకునే రోజుల్లోనే మనసు పారేసుకుంది. ఒంటరిగా నీళ్లలో వేస్తే స్లాగ్ మొద్దునిద్ర పోతుంది. పక్కన కొంచెం సిమెంటు ఉంటే చాలు, అది తట్టి లేపుతుంది. ఇక అక్కణ్నుంచి నిదానంగా, వేడి పుట్టించకుండా, వారాల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. సిమెంటుది ఉరుకుల పరుగుల వ్యవహారం. రెండు రోజుల్లో బలమంతా చూపించేస్తుంది, ఆ ఊపులో ఒళ్లంతా కాగిపోతుంది. పలచటి స్లాబుకైతే ఆ వేడి గాలికి పోతుంది. ఇంత మందం గోడలో ఎటు పోతుంది? అందుకే ఆమె సిమెంటులో సగం తీసేసి ఆ జాగాలో స్లాగ్ వేయించింది. ఎవరో పారేసిన తెట్టుతో ప్రాణాలు కాపాడే గది కట్టొచ్చని డాక్టర్లను, ఇంజనీర్లను ఒప్పించడానికి ఆమె తిరగని మీటింగు లేదు.

"గోడ చుట్టూ బిగించిన ఇనప ప్లేట్లు విప్పించి నీళ్ల పైపు పెట్టించండి," అన్నాడు తొందర సారు. "జ్వరం వస్తే తడిగుడ్డ వెయ్యమూ?"

"వేడి గాజుగ్లాసులో ఐసునీళ్లు పోస్తే ఏమవుతుంది సార్?"

"పగులుతుంది."

"ఇదీ అంతే. లోపల ఉబ్బి ఉంది. ఇప్పుడు పైన చల్లబెడితే చర్మం ముడుచుకుని చీలిపోతుంది. లోపలికీ బయటికీ ఇరవై డిగ్రీలకు మించి తేడా రానివ్వకూడదు."

"అయితే ఏం చేద్దామంటారు? దణ్ణం పెట్టుకుందామా?"

"కారణం కనుక్కోనివ్వండి."

"కనుక్కోండి. కానీ ఒక్కమాట. పైకప్పు మాత్రం మీ బూడిదతో పొయ్యనివ్వను. ఫుల్ సిమెంటే. ఆర్డరు కూడా ఇచ్చేస్తున్నా."

పైకప్పు ఈ గోడకంటే మందం. అది పూర్తి సిమెంటుతో పోస్తే ఈ జ్వరం దానికి తప్పదు. అంటే స్లాగ్ మీద పడ్డ నింద తుడవకపోతే గది మొత్తం పోతుంది.

అప్పుడే గాలి మారింది. పొద్దుటినుంచి వెచ్చగా ఉన్న గాలి ఒక్కసారిగా చల్లగా మెడకు తగిలింది. ఆమె తలెత్తి చూసింది. గదికి ఇంకా కప్పు లేదు. పైన ఆకాశమే. ఆ ఆకాశంలో ఒక మూలనుంచి నల్లగా కమ్ముకొస్తోంది.

వాన. వేడెక్కిన గోడ మీద, ఇనప ప్లేట్ల మీద, చల్లటి వాన.

ఆమె సైటు చివరనున్న కాంక్రీటు ప్లాంటు వైపు నడిచింది. నడుస్తూనే లెక్క కట్టింది. గోడ ఒకటే. పోసింది ఒకే రోజు. ఇసుక, కంకర, నీళ్లు అన్నీ ఒకటే. కింది సగం చెప్పినట్టు వింది. పై సగం ఎదురు తిరిగింది. అంటే సగం పోశాక, ఆ తర్వాత వచ్చిన లారీల్లో ఏదో మారింది.

ప్లాంటులో రెండు సైలోలు పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఇనప బురుజుల్లా. ఒకదానిలో సిమెంటు, రెండో దానిలో స్లాగ్. గోడ పోసేముందు రెండూ నింపారు. పైకప్పు పోసేదాకా మళ్లీ లోడు రాదు. గోడకు సరిపడా వాడి ఉంటే ఇప్పుడు రెండూ దాదాపు సమానంగా ఖాళీ అయి ఉండాలి.

నేలమీది సుత్తి తీసుకుని ఇనప మెట్లెక్కి సిమెంటు సైలోను కొట్టింది. ఖంగుమంది. ఇంకొంచెం దిగి కొట్టింది. మళ్లీ ఖంగు. అడుగుదాకా డొల్ల.

స్లాగ్ సైలోను నడుం దగ్గర కొట్టింది.

దబ్.

ఇంకా పైకెక్కి కొట్టింది. దబ్. నిండు బస్తాను గుద్దినట్టు.

సుత్తి చేతిలోనే ఉంది. తల తిప్పి చూస్తే, కింద కంట్రోల్ గది గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో టిఫిన్ బాక్సు. ఆ ముఖం చూడగానే ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆయన ఆమెకు సొంత మేనమామ. అమ్మానాన్నా లేని పిల్లను పెంచి, చదివించి, ఇంజనీరును చేసిన మనిషి. ఈ ప్లాంటు నడిపేది ఆయనే. ఇసుకను పిడికిట్లో పిసికి అందులో తడి ఎంతుందో చెప్పగలడు. మీటరు పెడితే ఆయన చెప్పిందానికి చాలా దగ్గరగా వచ్చేది. ఆమెకు తెలిసిన ఆపరేటర్లలో అంత చెయ్యి తిరిగినవాడు లేడు. ఆమె మెట్లు దిగి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మామయ్యా. ఏం చేశావ్?"

"ముందు తిను. చల్లారిపోతుంది."

"మామయ్యా!"

ఆయన టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టాడు. దాని మూతకేసి చూస్తూ చెప్పాడు.

"సగం లారీల దాకా నువ్వు చెప్పినట్టే వేశానమ్మడూ. నీ మీద ఒట్టు. తర్వాత నావల్ల కాలేదు. స్లాగ్ వాల్వు మూసేసి ఆ బరువూ సిమెంటే వేశా."

"ఎందుకు?"

"ఎందుకంటావేంటే! ఆ రోజు నీకు అన్నం పట్టుకుని ల్యాబుకొచ్చా. నువ్వు చేసిన బూడిద క్యూబును మిషన్లో పెట్టి నొక్కారు. పటుక్కుమని విరిగిపోయింది. పక్కనున్న సిమెంటు క్యూబు ఎంతసేపు నిలబడింది! నా కళ్లతో చూశా. నీ ముఖం కూడా చూశా."

ఆమెకు గుర్తొచ్చింది. అది మొదటి వారం పరీక్ష. స్లాగ్ ఇంకా నిద్రమత్తులో ఉండే వారం. ఆ క్యూబు అప్పుడు అలాగే విరగాలి. ఆమె ముఖం వాడిపోయింది ఆకలికి. నెల తిరిగేసరికి అదే రకం క్యూబులు సిమెంటు వాటితో సమానంగా నిలబడ్డాయి, ఆ తర్వాత దాటిపోయాయి కూడా. ఆ రోజు మామయ్య ల్యాబుకు రాలేదు. ఇంటికెళ్లి చెప్పాలని ఆమెకూ తోచలేదు.

"నాకు చెప్పొచ్చుగా మామయ్యా?"

"చెబితే ఒప్పుకుంటావా? మొండిఘటానివి. రేపు గోడకేమైనా అయితే అందరూ నిన్నంటారు. పాలల్లో నీళ్లు కలిపే పని నాతో చేయిస్తున్నావనిపించింది. ఇంకే గోడకైనా కలిపేవాణ్నే. ఈ గదికి మాత్రం చిక్కటి పాలే పొయ్యాలనుకున్నా." ఆయన బాక్సును పక్కకు జరిపాడు. "మీ అత్తయ్య ఆ బస్సులో రోజూ ఎలా వెళ్లొచ్చిందో నీకు తెలీదా?"

తెలుసు. పోయినేడు అత్తయ్యకు రేడియేషన్ ఇచ్చారు. ఇక్కడ మిషన్ లేదు. రోజూ పొద్దున్నే బస్సెక్కి దూరపు ఊరికి వెళ్లి, కాసేపు బల్ల మీద పడుకుని, సాయంత్రం అదే బస్సులో వచ్చేది. కిటికీ పక్కన కూర్చుని, వాంతులకని ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని. మామయ్య ఆ కవరు పట్టుకునేవాడు.

ఆమెకు అరవాలనిపించింది. ఏడవాలనీ అనిపించింది. రెండింటికీ తీరిక లేదు.

"చిక్కటి పాలే ఇప్పుడు పొంగుతున్నాయి మామయ్యా. గోడ లోపల ఉడికిపోతోంది. వాన పడిందంటే పగులుతుంది."

ఆయన తలెత్తాడు. "పగులుతుందా? సిమెంటు ఎక్కువైతే?"

"ఎక్కువైనందుకే."

ఆయన గోడ వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. తర్వాత, తప్పు చేసినవాళ్లు సాధారణంగా అనని మాట అన్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. చెయ్యడం నాకొదిలెయ్."

"కప్పాలి," అంది ఆమె. "చలికి వణికేవాడికి కప్పినట్టు కప్పాలి. బయట వెచ్చగా ఉంచితే లోపలికీ బయటికీ తేడా తగ్గుతుంది. మెల్లగా రెండూ కలిసి చల్లారతాయి."

అందులో ఇంకో గండం ఉంది. కప్పితే లోపలి వేడి కూడా ఇంకాస్త పెరుగుతుంది. డెబ్బై దాటిందంటే కాంక్రీటుకు ఇంకో జబ్బు పట్టుకుంటుంది. ఏళ్ల తర్వాత లోపలినుంచి ఉబ్బి చిట్లుతుంది. కప్పకపోతే ఈ రోజే పగులుతుంది. కప్పితే డెబ్బైకి ఎంత దగ్గరికి వెళుతుందో ఎవరూ చెప్పలేరు. ఆమె మనసులో ఒకటే అనుకుంది. కింది సగంలో స్లాగ్ ఉంది. అది చల్లగా ఉంది. పైనున్న వేడి కొంత కిందికి దిగుతుంది. ఆ సగాన్ని నమ్ముకోవాలి.

స్టోరులో ఉన్న ఫోము షీట్లు గోడకు ఒక వైపు కూడా రాలేదు. ఆమె ఆసుపత్రి పాత భవనంలోకి పరిగెత్తి పెద్ద డాక్టరమ్మ గదిలోకి చెప్పకుండా దూసుకెళ్లింది. క్యాన్సర్ విభాగానికి ఆవిడే పెద్ద. ఈ గది కోసం పదేళ్లు అందరి గుమ్మాలూ ఎక్కి దిగిన మనిషి.

"డాక్టరుగారూ, నాకు దుప్పట్లు కావాలి. పాత పరుపులు కూడా. ఎన్నుంటే అన్ని."

"ఎంతమందికి?"

"ఒక్క గోడకి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఆమెను పరీక్షగా చూసింది. "జ్వరమా?"

"అవునండీ."

"ఎంతుంది?"

"అరవై నాలుగు."

"మా వార్డులో ఎవరికీ అంత రాలేదు," అంటూనే డాక్టరమ్మ ఫోను అందుకుంది. "లాండ్రీనా? మార్చేసిన పాత పరుపులు, కంబళ్లు అన్నీ కొత్త బిల్డింగుకి పంపించండి. ఎందుకో తర్వాత చెబుతా. నాకూ తెలీదు."

ట్రాలీల మీద, స్ట్రెచర్ల మీద పరుపులు వచ్చాయి. మామయ్య కూలీలను రెండు వరసలుగా నిలబెట్టి చేతులు మార్చి పైకి పంపించాడు. పరంజా మీద తనే ముందు ఎక్కి పరుపులను ప్లేట్లకు ఆనించి తాళ్లతో బిగించాడు. ఇంటికి కబురు వెళ్లింది. కాసేపటికి ఆటోలో అత్తయ్య దిగింది, తల కనపడనన్ని బొంతలతో. రాలిపోయిన జుట్టు ఇప్పుడిప్పుడే వేలెడంత మొలిచింది. మాట మాత్రం ఎప్పుడూ రాలలేదు.

"ఏమయ్యా, నాకు జ్వరమొస్తే ఒక్క దుప్పటి వెతకడానికి ఇల్లంతా తిరిగేవాడివి. గోడకి ఇన్ని దొరికాయా?"

"నువ్వు పక్కకి జరుగు. తాడు తగులుతుంది."

"ఏం చేశాడే మీ మామయ్య? ఆ ముఖమేంటి అలా ఉంది?" అని మేనకోడలిని అడిగింది.

"నీ కోసం చిక్కటి పాలు పోశాడు అత్తయ్యా. తర్వాత చెబుతా."

అత్తయ్య ఇద్దరి ముఖాలూ చూసింది. ఇంకేమీ అడగకుండా బొంత మడత విప్పింది.

తొందర సారు భోజనం చేసి వచ్చేసరికి గోడ కనిపించలేదు. చారల పరుపులు, ఎర్ర కంబళ్లు, పువ్వుల బొంతలు, వాటిమీద నీలం టార్పాలిన్లు.

"ఇది సైటా, ధర్మసత్రమా?" అని అరిచాడు. "నేను నీళ్లు పట్టమంటే మీరు పక్కలేశారేంటి?"

"సార్, చేయి పెట్టి చూడండి," అంటూ ఆమె ఆయన చేతిని దుప్పటి కిందికి తోసింది. "ఇనప ప్లేటు వెచ్చగా ఉందా? లోపలికీ దీనికీ తేడా ఇప్పుడు పద్నాలుగు. పొద్దున ఇరవైకి దగ్గర్లో ఉంది."

ఆయన చేయి వెంటనే తీసుకోలేదు. "కారణం కనుక్కుంటానన్నారు. కనుక్కున్నారా?"

మామయ్య పరంజా మీద తాడు కడుతూ ఆగిపోయాడు.

"కనుక్కున్నాను. స్లాగ్‌ది తప్పు కాదు. ప్లేట్లు విప్పిన రోజు గోడే చెబుతుంది. అప్పటిదాకా పైకప్పు ఆర్డరు ఆపండి."

"గోడ మాట్లాడుతుందా?"

"మాట్లాడకపోతే ఫుల్ సిమెంటు పోసుకోండి. నేను అడ్డం రాను."

చినుకు మొదలైంది. చినుకు కాస్తా జడివానైంది. టార్పాలిన్ల మీద నీళ్లు కాలవ కట్టాయి. అందరూ చూరు కిందికి పరిగెత్తారు. ఆమె మాత్రం గొడుగు కింద మీటరు పట్టుకుని కూర్చుంది. అరవై ఆరు. అరవై ఏడు. ఒక గాలి విసురుకు పైమూల టార్పాలిన్ లేచి, దాని కింది కంబళి జారిపడింది. ఆ మూల ప్లేటు మీద వాన నేరుగా కొట్టింది. ఎవరో అరిచేలోపే మామయ్య పరంజా మీదున్నాడు. తడిసిన చెక్కల మీద కాళ్లు జారుతుంటే ఒంటిమీది రెయిన్‌కోటు విప్పి ఆ మూలకు అదిమి, దానిమీద తనే ఆనుకుని నిలబడ్డాడు. కింద అత్తయ్య తిట్లు వానకు మించి కురిశాయి. ఇంకో కంబళి పైకి అందేదాకా ఆయన కదల్లేదు.

అరవై ఎనిమిది. అరవై తొమ్మిది.

ఆమె వేలు దుప్పటి అంచు మీద ఉంది. రెండు పరుపులు లాగేస్తే లోపలి వేడి తగ్గుతుంది. వాన ఇంకా పడుతోంది. లాగితే చర్మం పగులుతుంది. లాగకపోతే డెబ్బైకి ఇంకొక్క డిగ్రీయే దూరం. తొందర సారు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఒకచోట అంతసేపు కూర్చోవడం సైటులో ఎవరూ చూడలేదు.

"లాగుదామా?" అన్నాడు గుసగుసగా.

"ఆగండి సార్."

అరవై తొమ్మిది. మళ్లీ చూసింది. అరవై తొమ్మిది. కింది వైరు తగిలించింది. నలభై ఎనిమిది ఉన్నది యాభై రెండైంది. పైనున్న వేడి కిందికి దిగుతోంది. స్లాగ్ ఉన్న సగం, పక్కవాడి బరువు భుజానికెత్తుకున్నట్టు, ఆ వేడిని తాగుతోంది.

వాన వెలిశాక పై వైరు అరవై ఎనిమిది చూపించింది. తొందర సారు లేచి మోకాళ్లు దులుపుకుని, "టీ తెప్పించండ్రా," అన్నాడు. ఆ టీలో ఆయన నీళ్లు కలుపుకోలేదు.

తర్వాత రోజుల్లో గోడను తొందర పెట్టలేదు. ముందు టార్పాలిన్లు, తర్వాత బొంతలు, తర్వాత ఒక్కొక్క పరుపు. ఏది ఎప్పుడు తీయాలో ఆమె చెప్పేది, మామయ్య తీసేవాడు. పని మానుకుని గోడకు సేవ చేస్తున్నాడని కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆమెతో అవసరమైనంతే మాట్లాడాడు.

ప్లేట్లు విప్పే రోజు డాక్టరమ్మ వచ్చింది, వెనకే అత్తయ్యా వచ్చింది. తొందర సారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి ప్లేటుకు స్పానరు పెట్టబోతుంటే మామయ్య ముందుకొచ్చాడు.

"ఒక్క నిమిషం. అది ఊడకముందే నేను చెప్పాలి. అమ్మడు నా పేరు చెప్పలేదు. చెప్పదు కూడా. పై సగానికి స్లాగ్ వెయ్యకుండా అంతా సిమెంటే వేసింది నేను. గోడ ఉడికింది నావల్ల. బూడిదవల్ల కాదు."

తొందర సారు ఆయన వైపు తిరిగాడు.

"ఎందుకయ్యా?"

"బలం వస్తుందనుకున్నా సార్."

"ప్లేటు విప్పండి," అంది మేనకోడలు.

ప్లేటు ఊడింది. రెండోది ఊడింది. అక్కడున్నవాళ్లెవరూ అటువంటి గోడను చూసి ఉండరు. పై సగం మామూలు సిమెంటు రంగు. కింది సగం నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, చెరువు లోతులో నీళ్లలా. మధ్యలో మెలికలు తిరిగిన హద్దు.

"ఇదేంటమ్మా, రంగేశారా?" అంది డాక్టరమ్మ.

"స్లాగ్ పని చేసినచోట అలా ఉంటుందండీ. గాలి తగిలితే కొన్నాళ్లకు పోతుంది." ఆమె హద్దు కింద అరచేయి ఆనించింది. "ఇదీ గోడ చెప్పింది. ఇక్కడిదాకా చల్లగా ఉంది. ఇక్కడినుంచి కాగింది."

అసలు పరీక్ష ఇంకా ఉంది. మీటరు చెప్పిన తేడా ఎంతైనా, చీలిక ఉందో లేదో గోడే చెప్పాలి. గోడంతా పలచగా నీళ్లు చల్లించింది. తడి ఆరేటప్పుడు గోడ మొత్తం రంగు లేతబడుతుంది, చీలిక ఉన్నచోట మాత్రం నీళ్లు దాక్కుని నల్లటి గీత మిగులుతుంది. అందరూ నిలబడి గోడ ఆరడం చూశారు. నీలం సగం మచ్చ లేకుండా ఆరింది. సిమెంటు సగం కూడా ఆరుతూ వచ్చింది.

పైమూలలో ఒక గీత మిగిలింది.

వెంట్రుకంత సన్నం, జానెడు పొడవు. వానలో కంబళి జారిన మూల.

మామయ్య కళ్లు మూసుకున్నాడు. ఆమె ఉలి, సుత్తి తీసుకుని పరంజా ఎక్కింది. గీత మీద ఉలి పెట్టి కొట్టింది. పెచ్చు ఊడింది. లోపలా గీత ఉంది. మళ్లీ కొట్టింది. ఇంకో పెచ్చు రాలింది. ఆ గుంటలో నీళ్లు పోసి, తుడిచి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. వేలితో తడిమింది. టార్చి వేసి మళ్లీ చూసింది.

"మామయ్యా, పైకి రా."

ఆయన ఎక్కాడు.

"చూసి చెప్పు."

ఆయన చాలాసేపు చూశాడు. గోరుతో గీకాడు.

"లేదు," అన్నాడు. "ఇక్కడితో ఆగిపోయింది. చర్మమే."

"వేలి మందమంత లోతు కూడా లేదు," అని ఆమె కిందికి కేకేసింది. "పూడ్చేస్తే చాలు. గోడ బాగుంది!"

డాక్టరమ్మ పక్కకు తిరిగి కళ్లజోడు తుడుచుకుంది. తొందర సారు గోడ దగ్గరికెళ్లి నీలం సగాన్ని అరచేత్తో రుద్ది, అరచేతిని చూసుకున్నాడు, రంగు అంటిందేమోనని.

"పైకప్పు మీరు చెప్పినట్టే పోద్దాం మేడం," అన్నాడు. తర్వాత మామయ్య వైపు తిరిగాడు. "నిన్ను ఇంటికి పంపించాలి నిజానికి."

"పంపించండి సార్."

"పైకప్పు పోశాక ఆలోచిస్తా. ఇసుక తడి ఎవడు చూస్తాడు? కానీ ఆ వాల్వు తాళంచెవి మీ మేనకోడలి దగ్గరుంటుంది."

"ఇంట్లో బీరువా తాళం కూడా దానికే ఇచ్చెయ్యండి సార్," అంది గుమ్మంలోంచి అత్తయ్య. "ఈ మనిషికి ప్రేమ పుడితే ఏం చేస్తాడో నమ్మకం లేదు."

పైకప్పు పోసిన రోజు ఆమె కంట్రోల్ గదిలో మామయ్య పక్కనే నిలబడింది. ప్రతి లారీకీ ఆయన ఇసుక పిసికి చూశాడు, నీళ్లు సరిచేశాడు. ఆమె తాళం తీసింది, ఆయన స్లాగ్ వాల్వు తెరిచాడు. ఆఖరి లారీ వెళ్లాక ఆయన సుత్తి తీసుకుని బయటికి నడిచాడు. స్లాగ్ సైలోను నడుం దగ్గర కొట్టాడు.

ఖంగుమంది.

ఇంకా కిందికి వంగి కొట్టాడు. మళ్లీ ఖంగు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నా. పద మామయ్యా, పైకప్పుకి వైర్లు తగిలించాలి."

"దుప్పట్లు కూడా తెమ్మంటావా?"

"ఈసారి చాలా తక్కువే. అత్తయ్య బొంతలు అత్తయ్యకి ఇచ్చెయ్."